పతకం వేరు, పరిహారం వేరు: ఉగ్రదాడి బాధితుల గురించి పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

2025 ఏప్రిల్ 22న పహల్గాంలో 26 మందిని కాల్చి చంపిన తర్వాత, బాధితులకు జాతీయ గౌరవం గురించి అడుగుతూ కర్నూలు, అనంతపురం, కడప ప్రాంతాల పాఠకులు రాసిన ఉత్తరాల్లోంచి కొన్ని ఇక్కడ తీసుకున్నాం. సొంత విషయాలు ఉన్నందున పేర్లు వేయడం లేదు, ఊర్లు మాత్రమే ఇస్తున్నాం.

ఉగ్రవాదుల చేతిలో చనిపోయిన మామూలు మనుషులకు మన దేశంలో జాతీయ పురస్కారం ఏదైనా ఉందా? పహల్గాం మృతులకు అమరుల హోదా ఇవ్వాలని అడిగారు కదా, అలాంటి హోదా ఎవరిస్తారు? (ఒక పాఠకుడు, కర్నూలు)

లేదు. దాడిలో చనిపోవడమో గాయపడడమో అర్హతగా ఇచ్చే జాతీయ పతకం మన దగ్గర ఇప్పటికి లేదు. మనకున్నవన్నీ చేసిన పనికి ఇచ్చే పతకాలు. ఈ తేడా తెలియక చాలా కుటుంబాలు ఏళ్ల తరబడి తప్పు తలుపు తడుతుంటాయి.

అశోక చక్ర, కీర్తి చక్ర, శౌర్య చక్ర అనే మూడు పతకాలు యుద్ధరంగం బయట చూపిన సాహసానికి ఇస్తారు. 1952లో అశోక చక్ర మొదటి, రెండో, మూడో తరగతులుగా పెట్టారు. 1967లో ఇప్పుడున్న పేర్లు వచ్చాయి. సైనికులకే ఇస్తారన్నది అపోహ. పౌరులు, ఆడవాళ్లయినా మగవాళ్లయినా అర్హులే. చనిపోయిన తర్వాత కూడా ఇస్తారు.

నీర్జా భానోత్ సంగతి చూడండి. 1986 సెప్టెంబరు 5న కరాచీలో పాన్ ఆమ్ 73 విమానంలోకి హైజాకర్లు ఎక్కగానే ఆమె కాక్‌పిట్‌కు కబురందించింది. పైలట్లు తప్పించుకున్నారు, విమానం నేల మీదే ఉండిపోయింది. దాదాపు 17 గంటల తర్వాత కాల్పులు మొదలైతే అత్యవసర ద్వారం తెరిచి ప్రయాణికులను బయటికి పంపింది. పిల్లలకు అడ్డుపడి తూటాలకు బలైంది. అప్పటికి ఆమెకు 23 ఏళ్లు నిండడానికి ఇంకా రెండు రోజులుంది. 2001 డిసెంబరు 13న పార్లమెంటు మీద దాడి జరిగినప్పుడు గేటు దగ్గర సీఆర్‌పీఎఫ్ కానిస్టేబుల్ కమలేశ్ కుమారి చేతిలో ఆయుధం లేకపోయినా కేక వేసి అందరినీ హెచ్చరించింది. 2008 నవంబరు 26 రాత్రి ముంబై గిర్‌గావ్ చౌపాటీలో ఏఎస్ఐ తుకారాం ఓంబ్లే ఉగ్రవాది కసబ్ తుపాకి గొట్టాన్ని చేతులతో పట్టుకుని వదల్లేదు. ముగ్గురికీ అశోక చక్ర వచ్చింది. ముగ్గురూ చేసిన పనిని ఒక్క వాక్యంలో చెప్పొచ్చని గమనించండి. పతకం ఆ వాక్యానికే.

అమరుల హోదా గురించి: ‘అమరుడు’, ‘షహీద్’ అనే మాటలకు చట్టంలో నిర్వచనం లేదు. సైన్యంలోగానీ పోలీసుల్లోగానీ అధికారికంగా ఆ మాట వాడరని కేంద్రం పార్లమెంటులోనే చెప్పింది. కాబట్టి ‘అమరుడిగా ప్రకటించండి’ అని అర్జీ పెడితే దాని మీద ఉత్తర్వు ఇవ్వడానికి ఏ అధికారికీ దారి ఉండదు. మనం ఊళ్లో ఆ మాట అనుకోవడానికి మాత్రం ఎవరి అనుమతీ అక్కర్లేదు.

మా మేనల్లుడు వేరే రాష్ట్రంలో జరిగిన దాడిలో పోయినాడు. పక్కనున్న పిల్లల్ని గోడ చాటుకు నెట్టి తాను కాల్పుల్లో చిక్కుకున్నాడని బతికొచ్చినోళ్లు చెప్పినారు. పతకం కోసం యాడికి పోవల్ల, ఏం రాసియ్యల్ల? (ఒక పాఠకుడు, ఆదోని)

మొదట చేయాల్సింది ఆఫీసుకు పోవడం కాదు, సాక్ష్యం పోగు చేయడం. బతికి వచ్చినవాళ్లు తలా ఒక ఊరికి వెళ్లిపోతారు, ఫోన్ నంబర్లు మారతాయి, ఆరు నెలలకు జ్ఞాపకం మసకబారుతుంది. అందుకని ముందు ఆ పిల్లల తల్లిదండ్రులతో మాట్లాడండి. ఒక్కొక్కరూ ఎక్కడ నిలబడి ఉన్నారు, మీ మేనల్లుడు ఎంత దూరంలో ఉన్నాడు, ఏం చేశాడు, ఎంతమందిని నెట్టాడు అన్నవి వాళ్ల మాటల్లోనే, వాళ్ల చేతిరాతతోనే రాయించుకోండి. ఒకే పేరా టైపు చేసి నలుగురితో సంతకాలు పెట్టించకండి. నాలుగు కాగితాల్లో ఒకే వాక్యం కనబడితే పరిశీలించేవారికి అనుమానం వస్తుంది, నిజం చెప్పినా నమ్మరు.

తర్వాత ఎఫ్ఐఆర్ కాపీ. బాధితుడి పక్షానికి అది ఉచితంగా ఇవ్వాలని భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 173వ సెక్షన్ చెబుతోంది. కేసును జాతీయ దర్యాప్తు సంస్థ (ఎన్ఐఏ) తీసుకుంటే వాళ్లు మళ్లీ నమోదు చేస్తారు కాబట్టి రెండు నంబర్లుంటాయి. అర్జీలో రెండూ రాయండి. పోస్టుమార్టం నివేదిక చదవడం కష్టమే, కానీ అందులో గాయం ఎక్కడైందో ఉంటుంది. పిల్లల మీదికి వంగి అడ్డుపడినవాడికి వీపున గాయమైతే, సాక్షుల మాటకు అదే బలం.

ఇక్కడ మనవాళ్లకు తరచూ ఎదురయ్యే చిక్కు ఒకటుంది. ఇంటిపేరు ముందు రాయడం మన పద్ధతి. ఉత్తరాది పోలీసు రికార్డులో ఇంటిపేరే అసలు పేరైపోతుంది, అసలు పేరు చివరికి జరుగుతుంది. ఎఫ్ఐఆర్‌లో ఒకలా, మరణ ధ్రువీకరణ పత్రంలో ఒకలా, ఆధార్‌లో ఇంకోలా ఉంటే ఫైలు ప్రతి బల్ల దగ్గరా ఆగుతుంది. మరణ పత్రం అక్కడి రిజిస్ట్రారే ఇస్తారు కాబట్టి, తీసుకునే రోజే ఆధార్ పక్కన పెట్టుకుని అక్షరం అక్షరం సరిచూసుకోండి. తప్పుంటే అక్కడే దిద్దించుకోండి. ఇంటికొచ్చాక దిద్దించాలంటే మళ్లీ అంత దూరం పోవాలి.

అర్జీ ఒక పేజీ చాలు. మొదటి వాక్యంలోనే ఆ పని చెప్పండి: ఫలానా తేదీన, ఫలానా చోట, ఇంతమంది పిల్లలను గోడ చాటుకు నెట్టి, తాను తప్పుకునే వీలున్నా తప్పుకోలేదు. ‘వీరోచితంగా’, ‘ప్రాణాలను తృణప్రాయంగా’ లాంటి మాటలు ఎన్ని రాసినా కమిటీకి పనికిరావు. పౌరుల పేర్లు రాష్ట్ర ప్రభుత్వం ద్వారా కేంద్రానికి చేరతాయి, అక్కడి అవార్డుల కమిటీ చూస్తుంది, రాష్ట్రపతి ఆమోదించాక జనవరి 26న గానీ ఆగస్టు 15న గానీ ప్రకటిస్తారు. దాడి జరిగిన రాష్ట్రం దగ్గరే రికార్డులన్నీ ఉంటాయి కాబట్టి అక్కడి హోం శాఖకు ఒక అర్జీ పంపండి. అదే అర్జీ కర్నూలు కలెక్టరేట్‌లో సోమవారం జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇచ్చి నంబరున్న రసీదు తీసుకోండి. ఎమ్మెల్యే సిఫారసు లేఖ జతచేస్తే తప్పులేదు, కానీ అది సాక్ష్యానికి బదులు కాదు.

తూటాల మధ్య కాక, పేలుడు తర్వాత మంటల్లోంచి మనుషులను లాగినవారైతే జీవన్ రక్షా పదక్‌ల వరుస కూడా ఉంది. సర్వోత్తమ, ఉత్తమ, మామూలు పదక్ అని మూడు. మునక, మంట, ప్రమాదం లాంటి వాటిలో ప్రాణం కాపాడినవారికి ఇస్తారు. ఘటన జరిగిన రెండేళ్లలోపే సిఫారసు వెళ్లాలి. చాలామంది ఆ గడువు దాటాకే మేలుకుంటారు.

ఒక్క మాట మరవకండి. పతకం అడిగే అర్జీలో డబ్బు సాయం అడగకండి. రెండూ కలిపి రాస్తే కాగితం సాయం చూసే సెక్షన్‌కు పోతుంది, డబ్బు రాగానే ఫైలు మూసేస్తారు, పతకం మాట అందులోనే ఉండిపోతుంది. రెండు అర్జీలు, రెండు రసీదులు ఉండాలి.

2013 ఫిబ్రవరి 21న దిల్‌సుఖ్‌నగర్ పేలుళ్లలో మా చిన్నాయన కొడుక్కి కాలు దెబ్బతింది, చెవులు సరిగ్గా వినబడవు. సదరం వైకల్య పత్రంలో కాలికి 40 శాతం, వినికిడికి 30 శాతం ఇచ్చారు. కేంద్ర సాయానికి 50 శాతం ఉండాలట. రెండూ కలిపితే 70 కదా? (ఒక పాఠకురాలు, అనంతపురం)

70 కాదమ్మా, కానీ 50 దాటుతుంది. ఒకటికి మించి వైకల్యాలుంటే కూడిక అలా చేయరు. పెద్ద అంకెను 90లోంచి తీసేయాలి, మిగిలినదాన్ని చిన్న అంకెతో గుణించి 90తో భాగించాలి, వచ్చినదాన్ని పెద్ద అంకెకు కలపాలి. మీ తమ్ముడి లెక్క: 90లోంచి 40 పోతే 50. దాన్ని 30తో గుణిస్తే 1500, 90తో భాగిస్తే 16.7. మొత్తం 56.7 శాతం. అదే 35, 20 ఉన్నవారికి 47.2 మాత్రమే వస్తుంది. రెండు వేర్వేరు పత్రాలు చూపిస్తే ఒక్కోటీ 50 కంటే తక్కువే కాబట్టి తిరస్కరిస్తారు. కాబట్టి బహుళ వైకల్యం కింద ఒకే పత్రం ఇవ్వమని సదరం శిబిరంలో అడగండి.

ఉగ్రవాద, మత హింసలో నష్టపోయిన పౌరులకు కేంద్రం ఇచ్చే సాయం 2008 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. మరణానికీ, 50 శాతమో అంతకు మించో శాశ్వత వైకల్యానికీ మొదట రూ.3 లక్షలు, 2016 ఆగస్టు 24 నుంచి రూ.5 లక్షలు. మీది 2013 ఘటన, కాబట్టి 3 లక్షల లెక్క. 2007 నాటి హైదరాబాద్ లుంబినీ పార్కు, గోకుల్ చాట్ పేలుళ్ల బాధితులు ఈ పథకం పరిధిలోకి రారు. పథకం వాటి తర్వాతే పుట్టింది. ఆ కుటుంబాలకు ఇది అన్యాయంగానే తోస్తుంది, మాకూ అలాగే అనిపిస్తుంది.

డబ్బు ఒకేసారి చేతికి రాదు. లబ్ధిదారు పేరున మూడేళ్ల డిపాజిట్ వేస్తారు, వడ్డీ ఖాతాలో పడుతుంది, అసలు గడువు తర్వాత తీసుకోవచ్చు. ఈ ఘటన కారణంగా కుటుంబంలో ఎవరికైనా ప్రభుత్వ ఉద్యోగం ఇచ్చి ఉంటే ఈ సాయం రాదు.

మీ ఫైలులో అసలు చిక్కు శాతం దగ్గర కాదు, కారణం దగ్గర వస్తుంది. సదరం పత్రంలో ఎంత శాతమో ఉంటుంది, ఎందువల్లో ఉండదు. ఇన్నేళ్ల తర్వాత ఆ కాలు, ఆ చెవులు పేలుడులోనే పోయాయని చూపాలంటే ఆనాటి ఆసుపత్రి డిశ్చార్జి కాగితం, దాని మీదున్న ఎంఎల్‌సీ (పోలీసు కేసుతో ముడిపడిన వైద్య నమోదు) నంబరు, పోలీసులకిచ్చిన గాయాల ధ్రువపత్రం కావాలి. కాగితాలు పోయి ఉంటే ఎంఎల్‌సీ నంబరూ తేదీ రాసి ఆసుపత్రి రికార్డుల విభాగాన్ని సమాచార హక్కు కింద అడగండి. వినికిడి విషయంలో ఇంకా జాగ్రత్త. పేలుడు ధాటికి కర్ణభేరి చిరగడం ఆ రోజు చాలామంది డాక్టర్లు రాయరు, రక్తం కారే గాయమే ముందు చూస్తారు. తర్వాతి వారాల్లో చేసిన ఆడియోగ్రామ్ (వినికిడి పరీక్ష కాగితం) ఉంటే అదే మీకు ఆధారం.

అర్జీ పేలుడు జరిగిన చోటి జిల్లా కలెక్టర్‌కు పెట్టండి, కాపీ అనంతపురంలో ఇవ్వండి. ఆలస్యం ఎందుకైందో అర్జీలోనే నాలుగు మాటల్లో రాయండి. అడిగేదాకా ఆగకండి.

మా నాన్నను ఫ్యాక్షన్ గొడవల్లో బాంబులేసి చంపినారు. అది ఉగ్రవాదం కాదా? (ఒక పాఠకుడు, జమ్మలమడుగు)

మీ ఇంటికి ఆ బాంబు ఎవరు వేసినా ఒకటే. కానీ చట్టం దృష్టిలో అది హత్య కేసు, పేలుడు పదార్థాల కేసు. పైన చెప్పిన కేంద్ర పథకంలోకి రాదు. అలాగని దారి మూసుకుపోలేదు. నాగరిక్ సురక్షా సంహిత 396వ సెక్షన్ కింద, అంటే పాత సీఆర్‌పీసీ 357ఏ కింద, బాధితుల పరిహార పథకం ఏ నేరానికైనా వర్తిస్తుంది. ముద్దాయి దొరకకపోయినా, కేసు కొట్టేసినా అడగొచ్చు. కడప కోర్టు ఆవరణలోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో దరఖాస్తు ఇవ్వండి. విచారణ రెండు నెలల్లో ముగించాలని ఆ సెక్షనే చెబుతోంది. వకీలు ఫీజు అక్కర్లేదు. సీమలో ఈ సెక్షన్ గురించి తెలిసిన ఇళ్లు తక్కువ, తెలియాల్సిన ఇళ్లు ఎక్కువ.

ఢిల్లీ నుంచి ఫోను వచ్చింది. చనిపోయిన మా ఆయన పేరు మీద ‘జాతీయ’ అవార్డు ఇస్తారట, రిజిస్ట్రేషన్‌కు డబ్బు కట్టమంటున్నారు. (ఒక పాఠకురాలు, గుంతకల్లు)

కట్టొద్దమ్మా. ప్రభుత్వ పురస్కారానికి దరఖాస్తు ఫీజు, రిజిస్ట్రేషన్, హోటలు ఖర్చు అంటూ ఏదీ ఉండదు. పేర్లు గెజిట్‌లో వస్తాయి, కబురు ప్రభుత్వ శాఖ నుంచి రాతపూర్వకంగా వస్తుంది. పౌరులు పేర్లు ప్రతిపాదించే అవార్డులకు ప్రభుత్వం ‘రాష్ట్రీయ పురస్కార్’ పోర్టల్ నడుపుతోంది, అదీ ఉచితమే. వాళ్ల కాగితం మీద మూడు సింహాల ముద్ర ఉన్నా నమ్మకండి. ప్రైవేటు సంస్థ ఆ ముద్ర వాడడమే 2005 చట్టం ప్రకారం నేరం. ఇప్పటికే డబ్బు పంపి ఉంటే వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయండి. ఎంత తొందరగా చేస్తే డబ్బు ఆపించే అవకాశం అంత ఎక్కువ.

పద్మశ్రీకి పంపవచ్చా? (ఒక పాఠకుడు, ఎమ్మిగనూరు)

పద్మ పురస్కారాలు ఏదో ఒక రంగంలో చేసిన విశిష్ట కృషికి. మామూలుగా మరణానంతరం ఇవ్వరు. దాడి బాధితులకు అది దారి కాదు.

తల్లిదండ్రులిద్దరూ దాడిలో పోయిన అమ్మాయి మా దగ్గర పెరుగుతోంది, నీట్ రాస్తోంది. ప్రత్యేక సీట్లు ఉన్నాయంటారు, నిజమేనా? (ఒక పాఠకురాలు, పులివెందుల)

నిజమే. ఉగ్రవాద బాధితుల భార్య లేదా భర్త, పిల్లల కోసం కేంద్ర కోటాలో కొన్ని ఎంబీబీఎస్ సీట్లు హోం శాఖ ద్వారా కేటాయిస్తారు. తల్లిదండ్రులిద్దరినీ పోగొట్టుకున్నవారికి మొదటి ప్రాధాన్యం. నీట్ అర్హత తప్పనిసరి. సీట్లు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే, కాబట్టి ఫలితాలకు ముందే కాగితాలు సిద్ధం చేసుకుని, ప్రకటన కోసం హోం శాఖ వెబ్‌సైటు చూస్తూ ఉండండి.

ఇతర దేశాల్లో బాధితులకే పతకాలున్నాయని చదివాను. మన దగ్గర కూడా పెట్టమని అడిగితే ఏ రూపంలో అడగాలి? (ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, కడప)

స్పెయిన్ 1999లో చట్టం చేసి ఉగ్రవాద బాధితుల కోసం రాజ పురస్కారం పెట్టింది. చనిపోయినవారికి గ్రాండ్ క్రాస్, గాయపడినవారికీ అపహరణకు గురైనవారికీ ఇంకో శ్రేణి. ఫ్రాన్స్ 2016లో జాతీయ పతకం పెట్టి, 1974 జనవరి 1 నుంచి జరిగిన దాడులన్నిటికీ వర్తింపజేసింది. దాన్ని కొన్ని సైనిక పతకాల కంటే ముందు వరుసలో పెట్టడం మీద అక్కడ గట్టి వాదనే జరిగింది. అమెరికా 2001 సెప్టెంబరు 11 మృతుల కోసం మనిషికొక పతకం కాకుండా, మూడు దాడి స్థలాల పేరున మూడు బంగారు పతకాలు చేయించి ఆ స్మారకాల దగ్గర ఉంచింది.

మా అభిప్రాయం సూటిగా చెబుతాం. సాహస పతకంతో దీన్ని కలపకూడదు. పహల్గాంలో పర్యాటకులను కాపాడబోయి ప్రాణమిచ్చిన గుర్రం నడిపే స్థానికుడు సాహసానికి అర్హుడు. అతని పక్కనే ఏమీ చేసే వ్యవధి లేకుండా పోయినవారు అతనికంటే తక్కువ మనుషులు కారు, వాళ్లకు వేరే గుర్తింపు కావాలి. అడిగేటప్పుడు నాలుగు విషయాలు స్పష్టంగా రాయాలి. ఏ తేదీ నుంచి జరిగిన దాడులకు వర్తించాలి? గాయపడినవారు కూడా వస్తారా? ‘ఉగ్రదాడి’ అని ఎవరు నిర్ధారిస్తారు, ఎఫ్ఐఆర్‌లోని సెక్షన్లా, కోర్టు తీర్పా? తీర్పు దాకా ఆగాలంటే తల్లిదండ్రులు ఉండరు. అందుకని కేంద్ర సాయం పొందినవారి జాబితానే ఆధారంగా తీసుకోమనడం మంచిది. అది కలెక్టర్ కమిటీ తేల్చిన జాబితా, కొత్తగా విచారణ అక్కర్లేదు. ఇక నాలుగోది, కుటుంబం ముందుగా ఒప్పుకోవాలి, వద్దంటే ఆ మాట గోప్యంగా ఉండాలి. వేదిక ఎక్కి పతకం అందుకోవడం కొందరు తల్లులకు ఓదార్పు, కొందరికి ఆ రోజు మళ్లీ జరిగినట్టు. ఇంటికే తెచ్చి ఇచ్చే ఏర్పాటూ ఉండాలి.

మా బడిలో ఉగ్రవాద వ్యతిరేక దినం ఎలా జరపాలి? (ఒక ప్రధానోపాధ్యాయురాలు, ప్రొద్దుటూరు)

మే 21, రాజీవ్ గాంధీ హత్య జరిగిన రోజు, మన బడులకు ఎండాకాలం సెలవుల్లో పడుతుంది. బాధితులను స్మరించుకోవడానికి ఐక్యరాజ్యసమితి 2017లో నిర్ణయించిన ఆగస్టు 21 మీకు అనువైన రోజు. పేర్లు చదివించండి, రెండు నిమిషాల మౌనం చాలు. దాడి దృశ్యాన్ని పిల్లలతో నాటకంగా వేయించకండి. బాధిత కుటుంబం పిల్లలు తరగతిలో ఉంటే వారం ముందే ఇంట్లో అడగండి, ఆ పిల్లను ముందుకు పిలిచి నిలబెట్టొద్దు.

మా అన్న విగ్రహం ఊరి సర్కిల్‌లో పెట్టాలని కుర్రోళ్లు చందాలు వేసుకున్నారు. తహసీల్దారు ఆపించినాడు. ఏం చేయాల? (ఒక పాఠకుడు, తాడిపత్రి)

తహసీల్దారు చేసింది సరైనదే. రోడ్లు, కాలిబాటలు, ప్రజోపయోగ స్థలాల్లో విగ్రహాలకు అనుమతి ఇవ్వొద్దని 2013 జనవరి 18న సుప్రీంకోర్టు అన్ని రాష్ట్రాలను ఆదేశించింది. రేపు రోడ్డు వెడల్పు చేసేటప్పుడు విగ్రహాన్ని తీసి ఏ గోదాములోనో పడేస్తే ఆ బాధ మీకే. సొంత పట్టా స్థలమో, విద్యాశాఖ అనుమతితో ఆయన చదివిన బడి ఆవరణో మేలు. విగ్రహం కంటే రాయి మేలు. ఖర్చు తక్కువ, పోలిక కుదరలేదన్న బాధ ఉండదు.

రాయి విషయంలో మీ ఊరివాళ్లకు చెప్పాల్సిన పని లేదు, అయినా చెబుతాం. మన నాపరాయి, కడప బండ సున్నపురాయి జాతి, పొరలు పొరలుగా ఉంటుంది. ఇంటి నేలకు మంచిది. ఎండావానల్లో నిలబెట్టి అక్షరాలు చెక్కితే కొన్నేళ్లకు అంచులు పొరలుగా లేస్తాయి. బయట పెట్టేదానికి నల్ల గ్రానైట్ తీసుకోండి, 3 అడుగులకు 2 అడుగులు, అంగుళంన్నర మందం. అక్షరం ఎత్తు అంగుళానికి తగ్గకూడదు. సన్నటి అక్షరాలు వాడితే వత్తులు, గుడులు రంగు నింపగానే మూసుకుపోతాయి, ‘ద్ధ’ కాస్తా మచ్చలా కనబడుతుంది. చెక్కేముందు అసలు సైజులో కాగితం మీద అచ్చేయించి గోడకు అంటించి, ఆరడుగుల దూరం నుంచి ఇంట్లో పెద్దవాళ్లతో చదివించండి. తప్పులు అక్కడే బయటపడతాయి.

పేరు, ఊరు, పుట్టిన తేదీ, పోయిన తేదీ, ఎక్కడ, ఎలా పోయాడో ఒక వాక్యం. ఆవిష్కరించినవారి పేర్లు అడుగున చిన్నగా చాలు. ఏదైనా పురస్కారం వచ్చి ఉంటే విడిగా కింద రాయండి, పేరుకు ముందు తగిలించకండి. భారతరత్న, పద్మ లాంటి జాతీయ పురస్కారాలను పేరుకు ముందూ వెనకా బిరుదులా వాడకూడదని సుప్రీంకోర్టు 1995లో చెప్పింది. రాయి అడుగు నేలకు అడుగు ఎత్తున ఉండేలా దిమ్మె కట్టండి, వాన చిందితే మట్టి అక్షరాల్లో చేరుతుంది. కడిగేటప్పుడు మామూలు నీళ్లు, మెత్తటి గుడ్డ చాలు. బాత్రూములు కడిగే యాసిడ్ మాత్రం పోయకండి, దిమ్మెకు నాపరాయి వేసి ఉంటే అది కాలి తెల్లబడుతుంది.